అక్క ఇంటి పచ్చచుక్క

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చున్నప్పుడే అడుగుతారు, సరిగ్గా నోట్లో ముద్ద ఉండగా. రౌటర్లు చూస్తానంటే "రిపేరా?" అంటారు. రిపేరు కాదు, దూరం నుంచి చూస్తానంటే "సీసీ కెమెరాలా?" అంటారు. చివరికి కంప్యూటర్ పని అని చెప్పి ముద్ద మింగుతాను. వాళ్లకూ కావలసింది అంతే.

ఇక్కడ మాత్రం తప్పించుకోను. చంద్రపూర్ చుట్టుపక్కల ఊళ్లలో బ్యాంకు సేవల కేంద్రాలున్నాయి. కేంద్రమంటే పెద్దగా ఊహించుకోకండి, ముసలివాళ్లు వేలిముద్ర వేసి పింఛను తీసుకునే ఒక చిన్న గది. ఆ గదిలో ఇంటర్నెట్ ఇచ్చే డబ్బా ఒకటుంటుంది. అదే రౌటర్. ఈ డబ్బాలన్నీ ఏ మూలనున్నా తమ క్షేమసమాచారాన్ని క్లౌడ్ అనే ఒకచోటికి పంపుతుంటాయి. నేను చంద్రపూర్‌లో నాగ్‌పూర్ రోడ్డు మీద టైర్ల దుకాణం పైనున్న ఆఫీసులో కూర్చుని ఆ సమాచారం తెర మీద చూస్తాను. డబ్బా నడుస్తుంటే పచ్చచుక్క, ఆగిపోతే ఎర్రచుక్క. పొద్దున వచ్చింది మొదలు సాయంత్రం దాకా ఆ చుక్కల్ని చూడటమే నా ఉద్యోగం.

క్లౌడ్ రాకముందు ఇట్లా కాదు. ఏ డబ్బా ఆగినా బండి మీద పోవలసిందే. వానాకాలం పద్మాపూర్ వైపు పోతే ఆ నల్లబురదలో బండి దిగబడి, నేను దిగబడి, ఇంటికొచ్చేసరికి నన్ను గుమ్మంలోకి రానిచ్చేవాళ్లు కాదు. క్లౌడ్ వచ్చినప్పుడు నడుము బతికిపోయిందని సంబరపడ్డాను. కుర్చీలోంచే డబ్బాని ఆపి మళ్లీ లేపొచ్చు. ఎవరైనా తప్పుగా మార్చింది సరిదిద్దొచ్చు. ఎంత సుఖం అనుకున్నాను. సుఖం సంగతి తర్వాత తెలిసింది.

ఆ చుక్కల్లో ఒకటి మా అక్కది.

మా నాన్న కరీంనగర్ వైపు నుంచి ఇక్కడి బొగ్గుగనిలో పనికి వచ్చాడు. అప్పటికి అక్క ఊళ్లో తెలుగుబడికి కొన్నేళ్లు వెళ్లింది. నేను ఇక్కడే పుట్టి మరాఠీబడికి పోయాను. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది అక్కే, గని క్వార్టర్ వెనకగోడ మీద బొగ్గుముక్కతో. తప్పు రాస్తే అదే బొగ్గు నా మూతికి పూసేది. "మరాఠోనివి అయినవ్‌రా నువ్వు, అ ఆలు గూడ వస్తలెవ్వు" అని ఒకటే ఆట పట్టించేది. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ బొగ్గు చలవే.

అక్కను సాస్తి వైపు ఒక ఊళ్లో ఇచ్చారు. అక్కడి ఓపెన్‌కాస్ట్ గనిలో బావ బొగ్గు మోసే డంపర్ నడిపేవాడు. ఇల్లు గని అంచుకు దగ్గర. బట్టలారేస్తే నల్లగా ఆరతాయి, అయినా అక్కకు ఆ ఇల్లంటే ప్రాణం. పిల్లలు లేరు. ఉన్నవాళ్లిద్దరూ ఒకరినొకరు ఏడిపించుకుంటూ, నవ్వుకుంటూ బతికారు. తర్వాత బావకు జబ్బు చేసింది. ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి దక్కలేదు.

బావ పోయాక అక్క మంచం దిగలేదు. ఇది మాటవరసకు అనటం లేదు. ముందుగదిలో గోడవైపు తిరిగి పడుకునేది. పక్కింటి ఆజీ, అంటే ముసలావిడ, భాకరీలు, మన జొన్నరొట్టెలే, చేసి తెచ్చి తల దగ్గర పెట్టేది. సాయంత్రం వచ్చి, తినని భాకరీలు తీసుకుపోయి, మరునాడు మళ్లీ వేడివి తెచ్చేది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు, తిట్టడం మాత్రం ఏ భాషలోనైనా వస్తుంది. ఆ తిట్లకే అక్క ఒక ముక్క తుంచుకుని నోట్లో వేసుకునేది. నేను ఆదివారాలు పోయి, లే అక్కా అంటే, "లేసి ఏం జెయ్యాలెరా? ఎవరికి జెయ్యాలె?" అనేది. బండెక్కి తిరిగొస్తూ రాజురా దాటాక వర్ధా వంతెన మీద ఆగి ఏడ్చిన రోజులున్నాయి.

కేంద్రం ఆలోచన నాది. ఆ ఊళ్లో ముసలివాళ్లకు దగ్గర్లో ఎక్కడా వేలిముద్ర వేసే చోటు లేదు. అక్కకు చదవటం రాయటం వచ్చు, మరాఠీ వచ్చు, లెక్క తప్పదు. తిరగాల్సిన చోటల్లా తిరిగి ఆమె పేరు మీద కేంద్రం నంబరు తెప్పించాను. డబ్బా నేనే తీసుకుపోయి, ముందుగదిలో బావ ఫోటో ఉన్న అరమీద పెట్టాను. అక్క మంచంలోంచే చూస్తూ, "మీ బావ పక్కనే దొర్కిందారా జాగ?" అంది. చాలా రోజుల తర్వాత ఆమె నోట అలాంటి మాట విన్నాను.

క్లౌడ్‌లో ప్రతి డబ్బాకూ ఒక వరుస ఉంటుంది. ముందు నంబరు, తర్వాత పేరు. అందరికీ ఊరిపేరు రాస్తాం. అక్క వరుసలో నేను తెలుగులో "అక్క ఇల్లు" అని రాశాను. మా పెద్దాఫీసు పుణెలో ఉంది. అక్కడ తెలుగు వచ్చినవాళ్లెవరూ లేరు కనక ఎవరూ పట్టించుకోలేదు. అదేదో యంత్రం గీసిన గీతలనుకుని ఉంటారు.

మొదటి వారం చుక్క మధ్యాహ్నానికిగానీ పచ్చబడలేదు. తర్వాత కాస్త ముందుకు జరిగింది. పోగా పోగా, నేను ఆఫీసుకొచ్చి కుర్చీలో కూర్చునే వేళకే పచ్చగా కనిపించడం మొదలైంది. అంటే అక్క లేచింది, వాకిలి ఊడ్చింది, స్నానం చేసింది, బావ ఫోటో ముందు దీపం పెట్టింది, ఆ చేత్తోనే డబ్బా స్విచ్ వేసింది. ఒక చుక్క రంగు చూసి కళ్లనీళ్లు పెట్టుకునేవాణ్ణని చెప్తే నవ్వుతారు. నవ్వండి, నాకేం.

నేను రోజూ ఫోన్ చేస్తుంటే అక్క విసుక్కుంది. "ఏందిరా నీ పరేషాన్? తిన్నవా, పన్నవా అని రోజు నా పానం తీస్తున్నవ్. నా చుక్క చూస్తనే ఉంటివి గదా? చుక్క పచ్చగుంటే నేను బాగున్నట్టే. గంతే." అప్పట్నించి ఫోన్లు తగ్గించాను. చేసినప్పుడు ఆమే మొదట అడిగేది. "నా చుక్క ఎట్లున్నదిరా?" పచ్చగుందక్కా అంటే, "అయితే నేను బాగున్నట్టే. పెట్టెయ్ ఫోన్, ఈడ లైన్ ఉన్నది" అనేది. లైనంటే గుమ్మం బయట కూర్చున్న ఆజీలు. పొలాల్లో, ఇటుకబట్టీల్లో పనిచేసి అరిగిపోయిన వేళ్లు వాళ్లవి, యంత్రానికి గీతలు దొరకవు. అక్క ఒక్కొక్కరి బొటనవేలూ తడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి, చిన్నపిల్లల వేలు పట్టుకున్నట్టు పట్టుకుని యంత్రం మీద పెట్టించేది. ముద్ర పడితే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లట. పింఛను రోజుల్లో పక్కింటి ఆజీ తెల్లారకముందే వచ్చి గుమ్మంలో మొదటి చోటు పట్టేది.

ఇప్పుడు ఆ ఊరి అలవాటు ఒకటి చెప్పాలి. గనిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక బొగ్గు కోసం బండను పేలుస్తారు. దానికి ముందు సైరన్ మోగుతుంది. సైరన్ మోగితే జనమంతా ఇళ్లలోంచి బయటికొచ్చి రోడ్డు మీద నిలబడాలి, గోడలు అదురుతాయి కాబట్టి. ఒకసారి ఆ అదురుకు ఒక ఇంట్లో స్విచ్‌బోర్డు ఊడిపోయి మంటలంటుకున్నాయి. అప్పట్నించి సైరన్ వినగానే ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నీ పీకి మరీ బయటికి రావడం అలవాటైంది. అంతేకాదు, పక్కింటివాళ్లు పీకడం మరిచిపోతే లోపలికిపోయి వాళ్లవి కూడా పీకాలి. అందుకే ఆ వేళకు ఎవరూ తలుపుకు తాళం వెయ్యరు. రెండో సైరన్ మోగాక లోపలికిపోయి మళ్లీ అన్నీ పెట్టుకుంటారు.

దాంతో అక్క చుక్క రోజూ మధ్యాహ్నం కాసేపు ఎర్రబడేది. ఆమెదే కాదు, గని అంచు ఊళ్ల చుక్కలన్నీ. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు కంగారుపడితే, "కూసో బాబూ, బ్లాస్టింగ్ టైమ్" అనేవాణ్ణి. చాయ్ తెప్పించుకునేవాళ్లం. చాయ్ అయ్యేలోపు మళ్లీ పచ్చబడేవి.

పుణెలో ఒక కొత్త ఏర్పాటు చేశారు. డబ్బాలను మార్చే అధికారం ఇక అక్కడివాళ్లకే. మేం చూడొచ్చు, ముట్టుకోకూడదు. నా తెర మీద ఉన్న మీటలన్నీ ఒకరోజు పొద్దున బూడిదరంగులోకి మారిపోయాయి. నొక్కినా పనిచేయవు. ఇన్నేళ్లు ఇంటిమనిషిలా తిరిగినచోట నన్ను కిటికీ బయట నిలబెట్టారు. సరే, జీతమైతే ఇస్తున్నారు గదా అని నోరు మూసుకున్నాను.

కొన్నాళ్లకు తెర మీద ఒక ప్రకటన వచ్చింది. డబ్బాలన్నిటికీ లోపలి ప్రోగ్రామ్ కొత్తది ఎక్కిస్తారట. దాన్ని అప్‌డేట్ అంటారు. అది నడుస్తున్నప్పుడు డబ్బా పాతదాన్ని చెరిపేసి కొత్తది రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయిందా, పాతదీ మిగలదు, కొత్తదీ నిలవదు, డబ్బా ఉత్త ప్లాస్టిక్ ముక్క అయి కూర్చుంటుంది. ఏ వేళకు పెట్టారా అని చూశాను. గని అంచు ఊళ్లకు సరిగ్గా బ్లాస్టింగ్ వేళకు పెట్టారు.

వెంటనే పుణెకు మెయిల్ రాశాను. అక్కడి అధికారి ఒక కుర్రవాడు, మహా మర్యాదస్తుడు. ప్రతి వాక్యానికీ ముందొక సర్, వెనకొక సర్. అతని జవాబు ఏమంటే, ఆ ప్రాంతంలో జనం ఇంటర్నెట్ అతి తక్కువగా వాడే వేళ ఏదో గ్రాఫ్ చూసి, జాగ్రత్తగా ఎంచి పెట్టారట. గ్రాఫ్ కూడా పంపాడు. నిజమే, మధ్యాహ్నం గీత పాతాళానికి పడిపోయి ఉంది. పడిపోక ఏం చేస్తుంది, ఊరు ఊరంతా ప్లగ్గులు పీకి రోడ్డు మీద నిలబడితే! ఫోన్ చేశాను. మరాఠీలో, హిందీలో, నాకొచ్చిన అన్ని భాషల్లో చెప్పాను. "హో సర్, నోట్ కర్తో సర్" అన్నాడు, రాసుకుంటానని. గోడకు చెప్పుకున్నా కాస్త మట్టి రాలేది.

వాళ్లు వినరని తేలిపోయాక గని అంచు కేంద్రాలన్నిటికీ చెప్పి, చివరగా అక్కకు ఫోన్ చేశాను.

"రేపు సైరన్ మోగితే డబ్బా ప్లగ్గు తియ్యకు. మిగిలినవన్నీ తియ్యి, అది మాత్రం ఉండనియ్యి. మళ్ల నేను ఫోన్ జేసేదాంక ముట్టుకోకు."

"అరే, కాలిపోతదేమోరా!"

"ఏం కాలదు. అది తీస్తెనే ఖరాబైతది. నా మాట ఇను అక్కా."

"సరేరా, గంత చెప్పాల్నా? వాడకట్టోళ్లకు గూడ చెప్త, ఎవరు తియ్యకుండ."

చెప్పింది కూడా. ఇంటింటికీ పోయి చెప్పింది. ఇంట్లో లేనిది పక్కింటి ఆజీ ఒక్కతే. రాజురాలో మనవరాలి దగ్గరికి పోయి ఉంది.

మరునాడు నేను చాయ్ తాగలేదు. అప్‌డేట్ మొదలైంది. అక్క వరుస పక్కన నీలంగీత కొంచెం కొంచెంగా పెరుగుతోంది. సగం దాటింది. గోడగడియారం చూసి అక్కకు ఫోన్ చేశాను. ఎత్తింది. వెనక సైరన్ వినిపిస్తోంది, జనం మాటలు వినిపిస్తున్నాయి.

"తియ్యలేదు గదా?"

"తియ్యలేదురా, నీ మీద ఒట్టు. రోడ్డు మీద ఉన్న. ఎండకు మాడుతున్న, నీ డబ్బా మాత్రం సల్లగ కూసున్నది లోపల."

నవ్వాను. నవ్వుతూ తెర చూస్తుండగానే నీలంగీత ఆగిపోయింది. చుక్క ఎర్రబడింది.

"అక్కా! ఎవరో తీసిన్రు! లోపల ఎవరున్నరు?" అని అరిచాను. ఆఫీసంతా నావైపు తిరిగింది.

ఫోన్లో అక్క గొంతు వినపడలేదు. ఆజీ గొంతు వినిపించింది. అప్పుడే రాజురా బస్సు దిగి వచ్చిందట. వస్తూనే అలవాటు ప్రకారం అక్క ఇంట్లోకి తొంగిచూసింది, డబ్బా దీపాలు మిణుకుమంటున్నాయి. "అగ పోరీ, తుఝా డబ్బా చాలూచ్ రాహిలా హోతా! మీ కాఢ్‌లా బఘ్!" అంటోంది. నీ డబ్బా నడుస్తూనే ఉండిపోయింది పిల్లా, నేను తీసేశా చూడు అని. ఆ గొంతులో ఎంత సంతోషమో! ఆ మాట వెనకే పేలుడు చప్పుడు ఫోన్లోంచి నా చెవిలో పడింది.

రెండో సైరన్ అయ్యాక అక్క లోపలికిపోయి ప్లగ్గు పెట్టింది. ఎర్రదీపం ఒక్కటే వెలిగి ఆరుతూ ఉందని చెప్పింది. ఆపి పెట్టమన్నాను, పెట్టింది. వెనకున్న చిన్న రంధ్రంలో సూది గుచ్చి నొక్కమన్నాను, నొక్కింది. ఎన్నిసార్లు చేయించానో! చివరికి ఆమే, "పోయిందారా?" అంది. పోయిందక్కా అన్నాను. అక్క గొంతు తగ్గించి, "ఆజీకి చెప్పకు. నా ఇల్లు కాపాడిన్నని సంబురపడుతున్నది ముసల్ది" అంది.

కొత్త డబ్బా కోసం అర్జీ పెట్టాను. పుణె నుంచి తిరిగొచ్చింది. కారణం గడిలో, వినియోగదారు కరెంటు ఆపడం వల్ల పాడైంది, కాబట్టి మార్చి ఇవ్వడం కుదరదు అని ఉంది. ఫోన్లో ఆ మర్యాదస్తుడితో ఒక పూటంతా పోట్లాడాను.

"సర్, డేటా దిస్తోయ్ నా సర్. రోజ్ దుపారీ పవర్ బంద్. యూజర్‌చీ సవయ్‌చ్ ఆహే సర్."

రోజూ మధ్యాహ్నం కరెంటు ఆపటం మా అక్కకు అలవాటట! ఏ గ్రాఫ్ చూసి ఆ వేళను ఎంచారో, అదే గ్రాఫ్‌ను ఆమె మీద సాక్ష్యంగా పెట్టాడు. అరే బాబా, అక్కడ బ్లాస్టింగ్ ఉంటుందని మళ్లీ మొదట్నించీ చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నాడు. విని, "బ్లాస్టింగ్‌చా కాలమ్ నాహీ సర్ సిస్టీమ్‌మధ్యే" అన్నాడు. ఆ క్లౌడ్‌లో బ్లాస్టింగ్‌కు గడి లేదు. కోపం వచ్చిందంటే చాలదు, నిస్సత్తువ వచ్చింది. ఫోన్ పెట్టేశాను.

పద్మాపూర్ వైపు మూతపడిన కేంద్రం తాలూకు పాత డబ్బా ఒకటి ఆఫీసు బీరువాలో పడి ఉంది. ఇన్‌ఛార్జికి చెప్పి అది సంచిలో వేసుకుని బయల్దేరాను. మే నెల ఎండ, మొహానికి తువ్వాలు చుట్టుకున్నా కళ్లు మండిపోతున్నాయి. నేను వస్తున్నానని తెలిసి అక్క తలస్నానం చేసి, ఇస్త్రీచీర కట్టుకుని, యంత్రం ముందు కుర్చీలో కూర్చుని ఉంది. ఆజీలంతా గుమ్మం బయట వరుసగా కూర్చున్నారు. పక్కింటి ఆజీ ఎప్పట్లాగే మొదటిచోట. అక్క నూనెగిన్నె, తడిగుడ్డ సిద్ధంగా పెట్టుకుంది.

డబ్బా పెట్టాను. దీపాలు వెలిగాయి. ఆజీలు చప్పట్లు కొట్టారు. నా ఫోన్లో క్లౌడ్ తెరిచి చూస్తే డబ్బా కనబడుతోంది, కానీ వరుసలోకి రాలేదు. అనుమతి కావాలంటోంది. ఆ అనుమతి ఇచ్చే మీట నాది బూడిదరంగు. పుణెకు చేశాను. ఆ డబ్బాను తమ లెక్కల్లోంచి తీసేశారట, తీసేసినదాన్ని మళ్లీ ఎక్కించే పద్ధతి లేదట. వాకిట్లోకి పోయి, అక్కకు వినపడకుండా ఆ కుర్రవాణ్ణి బతిమాలాను. నా కన్నా సగం వయసువాణ్ణి చేతులు జోడించి బతిమాలాను, ఫోన్లో చేతులు కనపడవని తెలిసి కూడా. "సారీ సర్" అన్నాడు. నిజంగానే బాధపడుతున్నట్టు అన్నాడు.

లోపలికి వచ్చాను. అక్క నా మొహం చూసింది. ఆజీలు ఎండ దిగిపోయేదాకా కూర్చుని, ఒక్కొక్కరే మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లిపోయారు. పక్కింటి ఆజీ అందరికన్నా చివర లేచి, రేపు వస్తానంది. అక్క నూనెగిన్నె లోపల పెట్టి వచ్చి, "అన్నం తింటవారా?" అంది. తిన్నాను, ఏం కూరో తెలియలేదు.

కేంద్రం వరసగా కొన్నాళ్లు మూతపడి ఉంటే బ్యాంకువాళ్లు నంబరు వేరొకరికి ఇచ్చేస్తారు. అది వాళ్ల నియమం. అక్కడికీ పోయాను. సాహెబ్ చాయ్ ఇచ్చాడు, కూర్చోబెట్టాడు, తన చేతుల్లో లేదన్నాడు. ఎవరి చేతుల్లో ఉందో ఇంతవరకూ నాకు తెలియలేదు. ఎవరిని అడిగినా మంచివాళ్లే, ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు.

ఆ తర్వాత ఒకరోజు ఆఫీసుకొచ్చి తెర పెట్టేసరికి అక్క వరుసలో చుక్క పచ్చగా ఉంది. కుర్చీలోంచి ఎగిరి లేచాను. పుణె కుర్రవాడు కరుణించాడనుకున్నాను, నోరారా దీవించాను. అక్కకు ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"డబ్బా వచ్చిందా అక్కా?"

"ఏ డబ్బారా?" నిద్రగొంతు. కాదు, నిద్రది కాదు. బావ పోయినప్పుడు గోడవైపు తిరిగి పడుకుని మాట్లాడిన గొంతు.

విచారిస్తే తేలింది. నంబరు రాజురా రోడ్డు మీదున్న ఒక మొబైల్ దుకాణానికి ఇచ్చారు. ఆయన కొత్త కస్టమర్ కాబట్టి కొత్త డబ్బా పుణె నుంచి ఆగమేఘాల మీద వచ్చింది. నంబరు అదే కాబట్టి క్లౌడ్‌లో వరుసా అదే. ఆయన దుకాణం తెరిస్తే పచ్చచుక్క వెలుగుతుంది. పక్కన నేను రాసిన పేరు అట్లాగే ఉంది, "అక్క ఇల్లు" అని. ఆయన్ని ఏమనటానికీ లేదు, ఆయనా పొట్టకోసమే పెట్టుకున్నాడు.

ఆ పేరు తీసేయమని పుణెకు ఫోన్ చేశాను. ఆ మీట కూడా నాది బూడిదరంగే గదా. "కోణతీ భాషా ఆహే సర్ హీ?" ఏ భాష అని అడిగాడు. తెలుగన్నాను. దానికి అర్థమేమిటని అడిగాడు. చెప్పబోయి ఆగాను. ఏం లేదు, ఉండనియ్యండి అని పెట్టేశాను.

అక్క మళ్లీ మంచం పట్టింది. ఆజీ మళ్లీ భాకరీలు తెచ్చింది. ఈసారి తిట్లు కూడా పనిచేయలేదు. మా ఇంటికి వచ్చెయ్యమంటే రాలేదు. చివరికి మా మేనత్త కూతురు పట్టుబట్టి తనతో గడ్‌చాందూర్ తీసుకుపోయింది. ఆమె అక్కడ సిమెంటు ఫ్యాక్టరీల కాంట్రాక్టు కూలీలకు మెస్ నడుపుతుంది. అక్క ఇప్పుడు ఆ మెస్‌లో వంట చేస్తోంది, వెనకున్న రేకులగదిలో పడుకుంటోంది. సాస్తి వైపు ఇంటికి తాళం పడింది. సైరన్ వేళకు ఆ వాడకట్టులో తాళమున్న తలుపు అదొక్కటే. లోపల బావ ఫోటో ఉంది, చచ్చిన డబ్బా ఉంది.

నేను మాత్రం ఇదే కుర్చీలో ఉన్నాను. ఎక్కడికి పోను? ఈ వయసులో నాకు ఇంకే పని వస్తుంది? పొద్దున్నే వస్తాను, తెర పెడతాను. అక్క ఇల్లు పచ్చగా ఉంటుంది. రోజంతా పచ్చగా ఉంటుంది, మధ్యాహ్నం కూడా ఎర్రబడదు, రోడ్డు మీది దుకాణం దాకా అదురు రాదు కాబట్టి. ఆ చుక్క ఎప్పుడైనా ఆగిపోతే వెంటనే కనుక్కుని బాగయ్యేలా చూడాల్సింది కూడా నేనే.

మొన్న మధ్యాహ్నం అక్కకు ఫోన్ చేశాను. మెస్‌లో భోజనాలైపోయి రాత్రి వంట మొదలుకానివేళ అయితేనే ఎత్తుతుంది. వెనక గిన్నెలు తోముతున్న చప్పుడు. తిన్నావా అంటే తిన్నానంది. చేతులెట్లున్నాయంటే, ఏముందిరా, కాలుతుంటాయి అంది. ఫోన్ పెట్టేయబోతుంటే ఆమే అడిగింది.

"నా చుక్క ఉన్నదారా, తీసేసిన్రా?"

నంబరు వేరేవాళ్లకు పోయిందని ఆమెకు తెలుసు. ఆ పేరు ఇంకా అక్కడే ఉందని నేను చెప్పలేదు. తెర వైపు చూశాను.

"ఉన్నదక్కా."

"ఎట్లున్నది?"

"పచ్చగున్నది."

గిన్నెల చప్పుడు ఆగింది. "అట్లనా?" అంది. "గట్లయితే నేను బాగున్నట్టేరా తమ్మీ" అని ఫోన్ పెట్టేసింది.